డాబా మీద నుంచి భూస్థిర ఉపగ్రహాల తళుకులను పట్టుకోవడం ఎలా

మీ డాబా మీద టీవీ డిష్ ఉంటే అది ఏ దిక్కుకు తిరిగి ఉందో ఒకసారి గమనించండి. బిగించిన నాటి నుంచి అది ఒకే చోటికి చూస్తోంది. అది చూస్తున్న ఉపగ్రహం మన ఆకాశంలో ఉన్నచోటు నుంచి కదలదు కాబట్టే ఆ ఏర్పాటు సాగుతోంది. భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమి తన చుట్టూ తాను తిరిగే 23 గంటల 56 నిమిషాల్లోనే తానూ ఒక చుట్టు పూర్తిచేసే ఈ భూస్థిర ఉపగ్రహాలు మామూలు రాత్రుల్లో కంటికి ఆనవు. అయితే ఏడాదికి రెండుసార్లు, కొద్ది రోజుల పాటు, వాటి సోలార్ ప్యానెళ్ళ మీద పడిన ఎండ మన వైపుకు తిరిగివచ్చి, కొన్ని నిమిషాల సేపు అవి బైనాక్యులర్‌కూ, ఒక్కోసారి ఉత్త కంటికీ అందేంతగా వెలుగుతాయి. ఆ తళుకును చూడడానికి టెలిస్కోపు అక్కర్లేదు. ఒక కెమెరా, కదలని ట్రైపాడ్, తేదీనీ వేళనూ ముందే లెక్కగట్టుకునే ఓపిక ఉంటే చాలు. ఈ మూడింటిలో నేను ఎక్కువ బరువు వేసేది మూడోదానికే. తేదీ తప్పితే ఎంత ఖరీదైన కెమెరా ఉన్నా ఆ రాత్రి వృథా అవుతుంది.

మొదటి పని: మీ ఊరికి సరైన తేదీ తెలుసుకోవడం

ఈ తళుకులు విషువత్తుల్లో, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20, సెప్టెంబరు 22-23 ప్రాంతాల్లో వస్తాయని సాధారణంగా చెబుతారు. భూమధ్యరేఖ మీద ఉన్నవారికి అది నిజం. మనకు మాత్రం అసలు రోజులు వాటికి దాదాపు వారం ఎడంగా ఉంటాయి. ఎందుకో అర్థం కావాలంటే బీరువా తలుపు అద్దాన్ని తలచుకోండి. కిటికీలోంచి వచ్చిన ఎండ ఆ అద్దం మీద పడుతున్నప్పుడు తలుపును మెల్లగా తెరుస్తూ మూస్తూ ఉంటే, గోడ మీది వెలుగు మరక పక్కలకు జరుగుతుంది గాని పైకి ఎక్కదు. నిలువు బందుల మీద తిరిగే అద్దం కిరణాన్ని పక్కలకు మళ్ళించగలదు, దాని వాలును మాత్రం మార్చలేదు. ఉపగ్రహం ప్యానెళ్ళు కూడా ఇలాంటి తలుపులే. వాటి ఇరుసు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది; ఆ ఇరుసు మీద రోజుకు ఒక చుట్టు తిరుగుతూ అవి సూర్యుడిని అనుసరిస్తాయి. కాబట్టి సూర్యుడు భూమధ్యరేఖా తలానికి ఎన్ని డిగ్రీలు దక్షిణంగా ఉంటే, ప్యానెల్ మీద పడిన వెలుగు అన్ని డిగ్రీలు ఉత్తరంగా వాలి వెళుతుంది.

మనం ఉన్నది భూమధ్యరేఖకు ఉత్తరాన. ఉపగ్రహం నుంచి చూస్తే హైదరాబాదు ఆ తలానికి దాదాపు 3 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. అదే విషయాన్ని ఇక్కడి నుంచి చూసి చెప్పాలంటే, ఉపగ్రహాలు మనకు ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖను ఆకాశం మీదికి పొడిగించిన గీత) మీద కాకుండా దానికి 3 డిగ్రీలు దిగువన కనిపిస్తాయి. ఆ గీత నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఉన్న కోణ దూరాన్ని క్రాంతి అంటారు; దక్షిణానికి అయితే మైనస్, అంటే ఇక్కడ మైనస్ 3 డిగ్రీలు. అందువల్ల సూత్రం ఇలా తేలుతుంది: సూర్యుడి క్రాంతి, మీ ఊరి నుంచి ఉపగ్రహం కనిపించే క్రాంతి ఏ రోజున సమానమవుతాయో ఆ రోజే మీ తళుకుల రుతువుకు నడిబొడ్డు.

దీన్ని లెక్కగట్టడం కష్టం కాదు. తెలుగు నేల ఉన్న అక్షాంశాల్లో మీ ఊరి అక్షాంశాన్ని 0.174తో గుణిస్తే ఉపగ్రహాల దక్షిణ క్రాంతి వస్తుంది. తిరుపతికి అది సుమారు 2.4 డిగ్రీలు, విజయవాడకు 2.9, హైదరాబాదుకు 3.0, విశాఖపట్నానికి 3.1, ఆదిలాబాదుకు 3.4. విషువత్తుల ప్రాంతంలో సూర్యుడి క్రాంతి రోజుకు దాదాపు 0.4 డిగ్రీలు మారుతుంది కాబట్టి, 3 డిగ్రీలు అంటే విషువత్తుకు ఏడెనిమిది రోజుల ఎడం. వసంతంలో విషువత్తుకు ముందు, శరత్తులో విషువత్తు తర్వాత సూర్యుడు దక్షిణాన ఉంటాడు గనుక హైదరాబాదుకు నడి తేదీలు మార్చి 12, సెప్టెంబరు 30గా వస్తాయి. సెప్టెంబరులో ఈ తళుకు దక్షిణం నుంచి ఉత్తరానికి పాకుతుంది: తిరుపతికి 28వ తేదీ ప్రాంతంలో వచ్చి, ఆదిలాబాదుకు అక్టోబరు 1 నాటికి చేరుతుంది. మార్చిలో ఇది తిరగబడి, ఆదిలాబాదుకు ముందు, తిరుపతికి 14వ తేదీ ప్రాంతంలో వస్తుంది. ఒకే ఉపగ్రహాన్ని ఈ రెండు ఊళ్ళలో ఇద్దరు మిత్రులు వరుసగా వారం రోజులు గమనించి తమ నోట్సు పోల్చుకుంటే, ఈ పాకుడు స్వయంగా వారి కళ్ళకే తెలుస్తుంది.

విదేశాల్లో ఉన్న తెలుగువారు తమ అక్షాంశానికి తగిన తేదీ వాడాలి. పైన చెప్పిన గుణకం ఎత్తయిన అక్షాంశాలకు సరిగ్గా సరిపోదు. అక్కడ అసలు సూత్రమే కావాలి: అక్షాంశపు సైన్‌ను 6,371తో (కిలోమీటర్లలో భూమి వ్యాసార్ధం) గుణించి, దాన్ని 42,164 (భూమి కేంద్రం నుంచి ఉపగ్రహం దూరం) లోంచి 6,371 రెట్ల కొసైన్ తీసివేయగా వచ్చిన సంఖ్యతో భాగిస్తే, కావలసిన కోణపు టాంజెంట్ వస్తుంది. డల్లాస్‌కు ఇది 5.4 డిగ్రీలు, అంటే మార్చి 6-7, అక్టోబరు 6 ప్రాంతాలు. న్యూజెర్సీకి మార్చి 4, అక్టోబరు 9. లండన్‌కు మార్చి 1, అక్టోబరు 12. మెల్‌బోర్న్ వంటి దక్షిణార్ధ గోళపు ఊళ్ళలో అంతా తలకిందులై ఏప్రిల్ 4-5, సెప్టెంబరు 7 ప్రాంతాలు వస్తాయి.

ప్యానెళ్ళు అద్దంలా నునుపైనవీ బల్లపరుపైనవీ కావు కాబట్టి తళుకు ఆ ఒక్క రోజుకే పరిమితం కాదు. నడి తేదీకి అటు అయిదు రోజులు, ఇటు అయిదు రోజులు కేటాయించుకోండి. ఆ పది రోజుల్లో చంద్రుడిని కూడా చూసుకోవాలి. పౌర్ణమి చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉంటాడు, మనం కెమెరా తిప్పేదీ అటువైపే. అందువల్ల పౌర్ణమికి దగ్గరగా వచ్చిన రోజులను వదులుకోవడమే మేలు. మన దగ్గర సెప్టెంబరు చివర మబ్బులు ఇంకా వీడవు. మార్చిలో పలచటి దుమ్ముపొర ఉన్నా ఆకాశం తెరిపిగా ఉంటుంది. మొదటిసారి ప్రయత్నించేవారికి నేను మార్చినే సూచిస్తాను.

రెండో పని: వేళను లెక్కగట్టడం

ఉపగ్రహం సూర్యుడికి ఎదురు దిక్కుకు చేరేకొద్దీ దాని వెలుగు పెరుగుతుంది. కానీ సరిగ్గా ఎదురుగా చేరే చోట భూమి నీడ ఉంది. విషువత్తుల చుట్టూ సుమారు 45 రోజుల పాటు ప్రతి భూస్థిర ఉపగ్రహమూ రాత్రికి ఒకసారి ఈ నీడలోంచి సాగిపోతుంది. విషువత్తు రోజున అది దాదాపు 70 నిమిషాలు చీకట్లో ఉంటుంది. ఆ సేపంతా మన ఇళ్ళలో టీవీ ఆగకుండా నడిచేది ఉపగ్రహంలోని బ్యాటరీల మీదే. కాబట్టి మీరు చూడవలసిన వేళ రెండు ముక్కలుగా ఉంటుంది: నీడలోకి దిగడానికి ముందు గంట, నీడలోంచి బయటపడ్డాక గంట. ప్యానెల్ సూర్యుడికి అచ్చంగా ఎదురుగా కాకుండా కొద్దిగా పక్కకు తిరిగి ఉండడం వల్ల, కొన్ని ఉపగ్రహాలు మొదటి గంటలోనూ, కొన్ని రెండో గంటలోనూ ఎక్కువగా మెరుస్తాయి.

నీడ నడిమి వేళను భారత కాలమానంలో ఇలా కట్టండి. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఉపగ్రహం దానికి తూర్పున ఎన్ని డిగ్రీలు ఉంటే, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అర్ధరాత్రికి అంత ముందుగా, పడమట ఉంటే అంత ఆలస్యంగా నీడ మధ్యకు చేరుతుంది. దీనికి గడియారానికీ సూర్యుడికీ ఉండే తేడాను కలపాలి: సెప్టెంబరు 30 ప్రాంతంలో 10 నిమిషాలు తగ్గించండి, మార్చి 12 ప్రాంతంలో 10 నిమిషాలు కూడండి. వచ్చిన వేళకు 33 నిమిషాలు ముందు ఉపగ్రహం నీడలోకి దిగుతుంది, 33 నిమిషాల తర్వాత బయటికి వస్తుంది.

ఉదాహరణకు జీశాట్-10, జీశాట్-30 వంటి మన సమాచార ఉపగ్రహాలు గుంపుగా ఉన్న 83 డిగ్రీల స్థానాన్ని తీసుకుందాం. సెప్టెంబరు 30 రాత్రి దాని నీడ మధ్యవేళ 11:48. అంటే 11:15కు అది మాయమై, అర్ధరాత్రి దాటాక 12:21కి తిరిగి వెలుగులోకి వస్తుంది. మీరు 10:15కే కెమెరా మొదలుపెట్టి 1:20 వరకు కూర్చోవాలి. మార్చి 12 రాత్రి అదే స్థానానికి 11:35 నుంచి 12:41 వరకు నీడ. జీశాట్-15, జీశాట్-17 ఉన్న 93.5 డిగ్రీల స్థానం దీనికంటే 42 నిమిషాలు ముందుగాను, 74 డిగ్రీల స్థానం 36 నిమిషాలు ఆలస్యంగాను నీడ మధ్యకు చేరుతాయి. తుపాను రోజుల్లో టీవీలో చూపించే మబ్బుల చిత్రాల్లో కొన్నింటిని పంపే ఇన్‌శాట్-3డీఆర్, 2016 సెప్టెంబరు 8న మన శ్రీహరికోట నుంచే ఎగిరి ఈ 74 డిగ్రీల స్థానానికి చేరింది. ఇలా ఒకే రాత్రి తూర్పు నుంచి పడమటికి ఒకదాని తర్వాత ఒకటిగా స్థానాలను చూసుకుంటూ పోవచ్చు.

మూడో పని: దిక్కు

హైదరాబాదు నుంచి 83 డిగ్రీల ఉపగ్రహాలు క్షితిజానికి 69 డిగ్రీల ఎత్తున, నడి దక్షిణానికి 15 డిగ్రీలు తూర్పుగా ఉంటాయి. 74 డిగ్రీలవి అదే ఎత్తున, దక్షిణానికి 15 డిగ్రీలు పడమరగా ఉంటాయి. 93.5 డిగ్రీలవి 63 డిగ్రీల ఎత్తున, దక్షిణానికి 42 డిగ్రీలు తూర్పుగా, అంటే దాదాపు ఆగ్నేయంగా కనిపిస్తాయి. ఇతర ఊళ్ళవారు స్టెల్లేరియం వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తమ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి, ఉపగ్రహాల ప్లగిన్‌ను తెరిచి, భూస్థిర ఉపగ్రహాల జాబితాను తాజా చేసుకుంటే ఈ అంకెలు నేరుగా దొరుకుతాయి. ఆ జాబితాకు ఆధారం సెలెస్‌ట్రాక్ ప్రచురించే కక్ష్యా వివరాలు. పరిశీలనకు ముందు రోజున వాటిని మళ్ళీ దించుకోవడం మంచిది, ఎందుకంటే ఈ ఉపగ్రహాలను స్థానంలో నిలపడానికి అప్పుడప్పుడూ వాటి రాకెట్లను మండిస్తుంటారు.

టీవీ డిష్ చూపే దిక్కును ఆధారం చేసుకోవచ్చు గాని, దాని వాలును నమ్మకండి. మన ఇళ్ళ మీది డిష్‌లలో సంకేతాన్ని పట్టే భాగం పళ్ళెం మధ్యకు ఎదురుగా కాక దిగువన పక్కగా ఉంటుంది. అందువల్ల పళ్ళెం చూస్తున్నట్టు అనిపించే ఎత్తు కంటే ఉపగ్రహం నిజానికి చాలా పైన ఉంటుంది.

నాకు మాత్రం చుక్కలను గుర్తుపట్టి తిప్పడమే హాయిగా ఉంటుంది. సెప్టెంబరు చివర, 83 డిగ్రీల స్థానం నీడలోకి దిగే వేళకు, నడినెత్తికి దగ్గరగా నాలుగు చుక్కల పెద్ద చదరం కనిపిస్తుంది. దాని తూర్పు అంచున ఉన్న రెండు చుక్కలే మన ఉత్తరాభాద్ర. ఆ రెంటినీ కలిపే గీతను దక్షిణానికి దాని పొడవుకు ఒకటింపావు రెట్లు పొడిగించండి. ఆ పక్కనే, ప్రత్యేకమైన చుక్కలేవీ లేని చీకటి చోటులో మీ ఉపగ్రహం ఉంటుంది. మార్చిలో అయితే సింహరాశి తోక కొసన ఉన్న ఉత్తర ఫల్గుణి నుంచి దక్షిణానికి 17-18 డిగ్రీలు దిగండి. చేయి చాచి పట్టుకున్న పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు కాబట్టి, పిడికిలిన్నరకు కాస్త ఎక్కువ.

రుతువు రాకముందే సాధన చేయాలనుకుంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో గొల్లకావడిని వాడుకోండి. ఒరాయన్ నడుము దగ్గర వరుసగా కనిపించే ఆ మూడు చుక్కలకు కాస్త దిగువన, కింద వేలాడే నెబ్యులాకు పైన, మన ఊళ్ళ నుంచి చూసినప్పుడు భూస్థిర ఉపగ్రహాల దారి సాగుతుంది. అప్పుడు తళుకులు ఉండవు. ఉపగ్రహాలు 10 నుంచి 12 మాగ్నిట్యూడ్ల మసక చుక్కలుగానే ఉంటాయి (మాగ్నిట్యూడ్ అంటే చుక్క వెలుగు కొలత; అంకె పెరిగేకొద్దీ చుక్క మసకబారుతుంది). అయినా 135 మి.మీ. లెన్సుతో కొన్నింటిని పట్టవచ్చు, చేతికి పని అలవాటవుతుంది.

నాలుగో పని: కెమెరాను కదలకుండా నిలపడం

ఖగోళ ఛాయాచిత్రాలు తీసేవారు చుక్కలతో పాటు కెమెరాను తిప్పడానికి యంత్రాలు కొంటారు. ఇక్కడ ఆ యంత్రమే శత్రువు. మీ కెమెరా నేలకు అతుక్కుని ఉండాలి. అప్పుడు భూమి తిరుగుడు వల్ల చుక్కలన్నీ చిన్న చిన్న గీతలుగా సాగుతాయి, ఉపగ్రహం ఒక్కటే చుక్కగా నిలబడుతుంది. 30 సెకన్ల ఎక్స్‌పోజరులో ఒక చుక్క పౌర్ణమి చంద్రుడి వెడల్పులో పావు వంతు దూరం జరుగుతుంది, 50 మి.మీ. లెన్సుతో తీసిన చిత్రంలో అది పాతిక పిక్సెళ్ళకు పైబడిన గీత. వందల గీతల మధ్య కదలని ఒక చుక్కను కన్ను ఇట్టే పట్టేస్తుంది.

లెన్సు 50 మి.మీ. నుంచి 135 మి.మీ. మధ్య ఏదైనా పనికొస్తుంది. మొదటి రాత్రి 50 మి.మీ. మేలు, దిక్కు రెండు మూడు డిగ్రీలు తప్పినా ఉపగ్రహం చట్రంలోనే ఉంటుంది. అపర్చర్‌ను పూర్తిగా తెరవకుండా ఒక మెట్టు తగ్గించి ఎఫ్ 2 లేదా ఎఫ్ 2.8 దగ్గర పెట్టండి. ఐఎస్ఓ 1600 పెట్టి, చీకటి పల్లెల్లో 30 సెకన్లు, నగర శివార్లలో 10 సెకన్ల ఎక్స్‌పోజరు ఇవ్వండి. చిత్రాలను రా (కెమెరా మార్పులు చేయని ముడి) ఫైళ్ళుగానే దాచండి. ఆటోఫోకస్ ఆపేసి, ప్రకాశమైన చుక్కను తెర మీద పదింతలు పెద్దది చేసి, అది సూది మొనంత అయ్యే వరకు చేత్తో ఫోకస్ తిప్పి, ఆ రింగును టేపుతో అంటించండి. కెమెరాలోని నాయిస్ రిడక్షన్‌ను (చిత్రంలోని గింజలను తగ్గించే ఏర్పాటు), లెన్సులోని కదలిక నివారణను (ఇమేజ్ స్టెబిలైజేషన్) ఆపండి. మొదటిది చిత్రానికీ చిత్రానికీ మధ్య అంతే సమయాన్ని తినేస్తుంది. రెండోది ట్రైపాడ్ మీద ఉన్న లెన్సును తనంతట తాను కదిలిస్తుంది. షట్టరును తనంతట తానే మళ్ళీ మళ్ళీ నొక్కే ఇంటర్వెలోమీటరుతో విరామం లేకుండా వరుసగా చిత్రాలు తీయండి.

కెమెరా గడియారాన్ని మొబైల్ గడియారంతో సెకను వరకు సరిచేయడం మర్చిపోవద్దు. ఏ ఉపగ్రహం ఎప్పుడు మెరిసిందో తర్వాత తేల్చేది ఆ వేళలే. సెప్టెంబరు రాత్రుల్లో లెన్సు మీద మంచు పడుతుంది కాబట్టి అరగంటకోసారి టార్చితో పక్కనుంచి చూసి, మసక కమ్మితే పొడి గుడ్డతో అద్ది, మళ్ళీ సాగించండి. పొలాల్లోకి వెళ్ళేవారు కాళ్ళకు బూట్లు వేసుకోవాలి, ఎక్కడికి వెళ్తున్నదీ ఇంట్లో చెప్పి వెళ్ళాలి.

కెమెరా తన పని తాను చేసుకుంటుండగా మీరు 7×50 లేదా 10×50 బైనాక్యులర్‌ను ఏదైనా స్టాండుకు బిగించి అదే చోటికి చూడండి. చేత్తో పట్టుకుంటే ఈ పరిశీలన సాగదు. కదలని బైనాక్యులర్‌లో చుక్కలన్నీ మెల్లగా పడమటికి జారిపోతూ ఉంటాయి. వాటి మధ్య ఒకటి జారకుండా నిలిచి, రాను రాను వెలుగు పుంజుకుంటుంది. ఒకప్పుడు ఇరిడియం అనే ఫోను ఉపగ్రహాల మెరుపులు కొద్ది సెకన్లలో ముగిసేవి, ఇవి అలా కావు. ఉపగ్రహం నుంచి మనవైపు దిక్కు నిమిషానికి పావు డిగ్రీ చొప్పునే మారుతుంది, సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ. కాబట్టి ప్యానెల్ అచ్చమైన అద్దమే అయినా తళుకు రెండు నిమిషాలకు తగ్గదు. నిజానికి వెలుగు పదుల నిమిషాలు పెరుగుతూ వచ్చి, శిఖరం దగ్గర కొన్ని నిమిషాలు నిలుస్తుంది. 6వ మాగ్నిట్యూడ్ కంటే ప్రకాశంగా మారినవి చీకటి ఊళ్ళలో ఉత్త కంటికీ కనిపిస్తాయి. అప్పటిదాకా నిలకడగా ఉన్న ఆ చుక్క నీడ అంచును తాకిన తర్వాత రెండు నిమిషాల్లో కొడిగట్టి ఆరిపోతుంది. నేను వ్యక్తిగతంగా తళుకు శిఖరం కంటే ఈ ఆరిపోవడాన్నే ఎక్కువ ఇష్టంగా చూస్తాను. 36 వేల కిలోమీటర్ల అవతల భూమి నీడ అంచు ఎక్కడుందో వేలితో చూపించినట్టు తెలుస్తుంది.

కదలని చుక్కలన్నీ ఉపగ్రహాలు కావు

ఇది మాత్రం నిదానంగా చదవండి. కెమెరా సెన్సరులో కొన్ని పిక్సెళ్ళు వెలుగు పడకపోయినా వెలిగి ఉంటాయి. వాటిని హాట్ పిక్సెళ్ళు అంటారు. చుక్కలు సాగి, ఉపగ్రహం నిలిచే చిత్రంలో హాట్ పిక్సెల్ కూడా నిలిచే ఉంటుంది. నా మొదటి మార్చి రుతువులో ఎర్రటి చిన్న చుక్కను వరుసగా రెండు రాత్రులు ఉపగ్రహంగా నమోదు చేశాను. దాని వెలుగు ఎప్పుడూ మారలేదు, నీడ వేళ దాటినా ఆరలేదు, అయినా నాకు అనుమానం రాలేదు. మూడో రాత్రి గాలికి ట్రైపాడ్ కాస్త పక్కకు జరిగినప్పుడు చుక్కలన్నీ చట్రంలో చోటు మారాయి, ఆ ఎర్ర చుక్క మాత్రం సెన్సరు మీద పాత చోటనే ఉండిపోయింది. రెండు రాత్రుల నమోదును కొట్టివేయవలసి వచ్చింది.

ఆ నష్టం మీకు రాకుండా రెండు జాగ్రత్తలు తీసుకోండి. అరగంటకోసారి కెమెరాను కావాలనే ఒక డిగ్రీ పక్కకు జరపండి: నిజమైన ఉపగ్రహం చట్రంలో చోటు మారుతుంది, హాట్ పిక్సెల్ మారదు. అలాగే చివర్లో లెన్సుకు మూత పెట్టి, అదే ఎక్స్‌పోజరుతో పదిహేను చీకటి చిత్రాలు తీసి ఉంచండి. వాటి సగటును అసలు చిత్రాల నుంచి తీసివేస్తే చాలా హాట్ పిక్సెళ్ళు తొలగిపోతాయి.

తర్వాతి రోజు, కంప్యూటర్ ముందు

కెమెరాను జరపకుండా తీసిన ఇరవై చిత్రాల గుంపును తీసుకుని సిరిల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, చుక్కలను ఒకదాని మీద ఒకటి సరిచేసే మెట్టును వదిలేసి, మీడియన్ పద్ధతిలో (ప్రతి చోటా అన్ని చిత్రాల విలువల్లో నడిమిదాన్ని తీసుకునే పద్ధతి) కలపండి. ప్రతి చిత్రంలోనూ చోటు మారిన చుక్కల గీతలు చెరిగిపోయి, చోటు మారని ఉపగ్రహాలు మాత్రమే మిగులుతాయి. ఆ ఫలితం మొదటిసారి చూసినప్పుడు కలిగే ఆశ్చర్యం చెప్పనలవి కాదు: నల్లటి తెర మీద ఖగోళ మధ్యరేఖకు సమాంతరంగా, పూసలు గుచ్చినట్టు, ఒకే వరుసలో చుక్కలు. 83 డిగ్రీల వంటి స్థానాల్లో పక్కపక్కనే రెండు మూడు పూసలు దగ్గరగా కనిపిస్తాయి. ఒకే స్థానాన్ని పంచుకునే ఆ ఉపగ్రహాలు డిగ్రీలో పదో వంతు అంతటి ఇరుకు హద్దుల్లో ఒకదానికొకటి తగలకుండా తిరుగుతుంటాయి.

ఏది ఏ ఉపగ్రహమో తేల్చడానికి, వరుసలో ఒకటి రెండు సెకన్ల పొట్టి ఎక్స్‌పోజరు ఒకటి తీసి ఉంచుకోండి. దాన్ని ఆస్ట్రోమెట్రీ డాట్ నెట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే చుక్కల అమరికను బట్టి చిత్రం ఆకాశంలో ఏ చోటిదో చెబుతుంది. ఆ నిమిషానికి స్టెల్లేరియంలో అదే చోటును తెరిచి పోల్చండి. ఒకే గుంపులోని ఉపగ్రహాలను విడివిడిగా పేరుతో చెప్పడం తేలిక కాదు. తేలనప్పుడు "83 డిగ్రీల గుంపు, ఉత్తరపుది" అని రాసుకోవడమే నిజాయితీ.

వెలుగును అంచనా వేసేటప్పుడు ఒక చిక్కు ఉంది. చుక్క వెలుగు పాతిక పిక్సెళ్ళ గీత మీద పరుచుకుంటుంది, ఉపగ్రహం వెలుగు ఒకటి రెండు పిక్సెళ్ళ మీదే పేరుకుంటుంది. అందువల్ల పొడవైన ఎక్స్‌పోజరులో ఉపగ్రహం ఉన్నదానికంటే ఎంతో ప్రకాశంగా కనిపిస్తుంది. వెలుగు పన్నెండు పదమూడు రెట్లు పరుచుకుంటే తేడా దాదాపు 2.8 మాగ్నిట్యూడ్లు. చిత్రంలో 5వ మాగ్నిట్యూడ్ చుక్క గీతతో సమానంగా కనిపించిన ఉపగ్రహం నిజానికి 8కి దగ్గరగా ఉంటుంది. కాబట్టి వెలుగును పోల్చడానికి పొట్టి ఎక్స్‌పోజరునే వాడండి, లేదా బైనాక్యులర్‌లో దగ్గరి చుక్కలతో పోల్చి అంచనా రాయండి.

వరుస తప్పిన చుక్కలు

కొన్ని రాత్రుల తర్వాత వరుసకు పైనో కిందో ఉండి మెల్లగా జరిగే చుక్కలు కూడా మీ చిత్రాల్లో దొరుకుతాయి. ఇంధనాన్ని పొదుపు చేయడానికి ఉత్తర దక్షిణ దిద్దుబాట్లు ఆపేసిన పాత ఉపగ్రహాల కక్ష్య ఏడాదికి దాదాపు 0.85 డిగ్రీల చొప్పున వాలుతుంది. అవి రోజంతా ఆకాశంలో ఎనిమిది అంకె ఆకారాన్ని గీస్తూ ఉంటాయి. పూర్తిగా చనిపోయి వదిలేయబడినవి మరోలా ప్రవర్తిస్తాయి. భూమి గుండ్రం పూర్తిగా సమంగా లేకపోవడం వల్ల భూస్థిర కక్ష్యలో రెండు నిలకడ చోట్లు ఏర్పడ్డాయి. వాటిలో ఒకటి 75 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, అంటే మనకు ఎదురుగానే ఉంది. అదుపు తప్పిన ఉపగ్రహాల్లో కొన్ని గిన్నెలో గోళీలాగా ఆ చోటుకు అటూ ఇటూ ఏళ్ళ తరబడి ఊగుతూ ఉంటాయి. దొర్లుతున్న ఉపగ్రహం అయితే చిత్రంలో నిలకడ చుక్కగా కాక, సమమైన ఎడంతో వెలిగి ఆరే చుక్కల గొలుసుగా పడుతుంది. అలాంటిది దొరికితే రెండు మెరుపుల మధ్య సెకన్లను లెక్కించి రాసుకోండి. నెల తర్వాత అదే ఉపగ్రహానికి ఆ ఎడం మారిందో లేదో చూడడం తళుకుల రుతువు ముగిశాక కూడా సాగించదగిన పని.

నోట్సులో ప్రతి రాత్రికీ ఊరు, అక్షాంశ రేఖాంశాలు, లెన్సు, ఎక్స్‌పోజరు, మొదలుపెట్టిన వేళ, ఆపిన వేళ, వెలుగు శిఖరానికి చేరిన నిమిషం, నీడలోకి దిగిన నిమిషం రాయండి. ఏమీ కనిపించని రాత్రిని కూడా రాయండి, ఎందుకంటే మీ ఊరికి రుతువు ఏ రోజున మొదలైందో తేల్చేది కనిపించని రాత్రుల పక్కన కనిపించిన మొదటి రాత్రే. కెమెరా విప్పే ముందు డాబా మీద ట్రైపాడ్ కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీతలు గీసి ఉంచండి. రేపు రాత్రి అదే వేళకు చుక్కలన్నీ నాలుగు నిమిషాల దూరం పడమటికి జరిగి ఉంటాయి, ఉపగ్రహం మాత్రం ఆ గీతల్లో నిలిపిన కెమెరాకు మళ్ళీ అదే చోట దొరుకుతుంది.